ఇంజిన్ గొంతులో మంచుగడ్డ

1946 వానాకాలం. ఊరి బయటి విమాన మైదానంలో నేను ఇంజిన్ మెకానిక్‌ని. యాకుత్‌పురాలో మా ఇంట్లో అందరూ బర్రెల్ని పిండి పాలు పోసేవాళ్లే, నేనొక్కణ్ణే విమానాల్లో పడ్డాను. "పాలల్ల నీళ్లు కలిపినోడు బతుకుతడు బిడ్డా, పెట్రోల్ల నీళ్లు కలిస్తే మాత్రం సస్తరు. పైలం!" అని మా అమ్మ రోజూ చెప్పి పంపేది. ఆమె ఎన్నడూ పాలల్లో నీళ్లు కలపలేదని కూడా ఇక్కడే రాసేస్తున్నాను, లేకపోతే ఊరుకోదు.

మా చిన్న విమానానికి ఒకదాని వెనక ఒకటి రెండు సీట్లు, పైన కప్పు లేదు. నడిపేది రహీం సాబ్. నిండా ముప్పయ్యేళ్లు లేవు, ఎప్పుడూ నవ్వుతూ పలకరించేవాడు. ఆ నెలలో రెండుసార్లు సగం దారిలోంచే వెనక్కి వచ్చాడు.

"యాదగిరీ, మబ్బులల్లకు పోంగనే ఇంజిన్ గొంతు పట్టేసినట్లయితుంది," అన్నాడు.

రెండుసార్లూ అంతా విప్పి చూశాను. ఏమీ లేదు. నేల మీద తిప్పితే ఇంజిన్ గుర్రంలా ఉరికేది. రిపోర్టులో "నో డిఫెక్ట్", అంటే లోపం లేదు, అని రాసి సంతకం పెట్టాను. నా సంతకమంటే అప్పట్లో నాకు మహా గీర.

మేనేజర్ ఆ రెండు కాగితాలూ ముందేసుకుని మమ్మల్నిద్దర్నీ పిలిపించాడు.

"కార్బురేటర్ల మంచు గిట్ల కడుతుందేమో సాబ్, పుస్తకంల ఉన్నది," అన్నాడు రహీం సాబ్. కార్బురేటర్ అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం.

"హైదరాబాద్ల మంచు కడుతదా? జర తెచ్చియ్యి మియా, షర్బత్ల ఏసుకుంట!" అన్నాడు మేనేజర్. ఆయనకంటే గట్టిగా నవ్వింది నేనే. "భయమైతే చెప్పు. ఇంకోపారి గిట్లనే వాపస్ వస్తే నీ నౌకరీ ఉండదు," అన్నాడు మేనేజర్ రహీం సాబ్‌తో.

రహీం సాబ్ నా సంతకాల వైపు ఒకసారి చూసి లేచాడు. తిట్టినా బాగుండేది. బయటికొచ్చాక ఆగలేక, "రేపు నేను గూడ వస్త సాబ్," అన్నాను.

మర్నాడు పొద్దున సన్నటి తుంపర. నేను ముందు సీటులో, ఆయన వెనక. మాట్లాడుకోవడానికి ఇద్దరి మధ్యా రబ్బరు గొట్టం. మబ్బుల్లోకి దూరగానే ముఖమంతా తడిసింది. హెడ్‌ఫోన్‌లో, కింద మైదానం నుంచి రేడియోలో మాట్లాడే మనిషి గొంతు మాట మధ్యలోనే తెగిపోయింది.

"రేడియో పోయింది," అన్నాడు రహీం సాబ్ గొట్టంలో. "ఇగ సూడు, ఇంజిన్ గూడ షురూ జేస్తది."

అన్నట్టే ఇంజిన్ వేగం చూపే ముల్లు దిగడం మొదలైంది. విమానం వణికింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. పైగా నా చేతులకు అక్కడ విప్పి చూసే పనేమీ లేదు, కూర్చుని ఆలోచించడమే. పొద్దున ట్యాంకు నింపుతుంటే వేళ్ల మీద పడిన పెట్రోలు చల్లగా తగలడం గుర్తొచ్చింది. పెట్రోలు ఆవిరైతే చల్లబడుతుంది, మా అమ్మ తడిగుడ్డ చుట్టి పెట్టే కూజా చేసే పనే. ఆ చల్లటి కార్బురేటర్ గొంతులోకి ఇంత తడిగాలి పోతే గడ్డకట్టక ఏం చేస్తుంది?

దానికి మందు నా మోకాలి పక్కనే ఉంది. కార్బురేటర్‌లోకి వేడిగాలి పంపే "హాట్ ఎయిర్" మీట. ఈ ఎండల ఊళ్లో దానితో పనేమిటని, కదలకుండా తీగతో బిగించి కట్టిన మొనగాణ్ణి నేనే.

జేబులోని కటింగ్ ప్లయర్ తీసి తీగ తెంపి, మీట లాగాను. ఇంజిన్ బాగుపడకపోగా ఇంకా ఘోరంగా దగ్గింది.

"ఏం జేసినవ్ రా?" అని గొట్టంలో కేక.

"కట్టింది నేనే, తెంపింది నేనే సాబ్! కరిగిన నీళ్లు పోవాలె, జర ఓపిక పట్టుండ్రి!"

మీట వదల్లేదు, కళ్లు మాత్రం మూసుకున్నాను. నాలుగైదు దగ్గులయ్యాక ఇంజిన్ గొంతు సవరించుకుని పాత పాట అందుకుంది. మబ్బు కిందికి దిగేసరికి ఎదురుగా చార్మినార్, దాని పక్కన లాడ్ బజార్ ఇళ్ల పైకప్పులు.

"మీ ఇల్లేడ?" అన్నాడు రహీం సాబ్ హుషారుగా.

"ఇల్లు తర్వాత సాబ్, మైదానం చూడుండ్రి!"

రేడియో పోతే మైదానం చుట్టూ తిరుగుతూ రెక్కలు ఊపాలి, కిందనుంచి పచ్చ దీపం చూపిస్తే దిగాలి. పచ్చ దీపం అంత అందంగా ఉంటుందని అంతకుముందు నాకు తెలియదు. తర్వాత చూస్తే రేడియో తీగ అతుకులోనూ వాననీళ్లే దూరాయి.

మేనేజర్ మండిపడుతూ ఎదురొచ్చాడు. నేను మీటను మళ్లీ మునుపటిలా చల్లగాలికి పెట్టి, ఆ తుంపరలోనే ఇంజిన్ తిప్పాను. కాసేపటికి కార్బురేటర్ పైగొట్టానికి తెల్లటి మంచు నూగు పట్టింది. మేనేజర్ వేలు పెట్టి, "అరే, ఠండా!" అని వెనక్కి లాక్కున్నాడు.

"షర్బత్ తెప్పియ్యమంటరా సాబ్?" అన్నాడు రహీం సాబ్.

మేనేజర్ నవ్వాడు. షర్బత్ నిజంగానే తెప్పించాడు, మొదటి గ్లాసు రహీం సాబ్‌కే ఇచ్చాడు. నేను నా గ్లాసు ముట్టకుండా పాత రిపోర్టులు రెండూ అడిగి తీసుకుని, "నో డిఫెక్ట్" కొట్టేసి, "లోపం: మెకానిక్ కట్టిన తీగ" అని రాసి, మళ్లీ సంతకం పెట్టాను.

ఆ తర్వాత ఎన్నో ఇంజిన్లు విప్పాను. చాలాసార్లు ఏమీ దొరకలేదు. కానీ "లోపం లేదు" అని మళ్లీ ఎన్నడూ రాయలేదు. "నాకు ఇంకా దొరకలేదు" అనే రాశాను.