చదరపు బ్రాకెట్లో పోర్టు నంబరు

ముందు పోయినవి రాస్తాను. ఎనిమిది పోర్టుల సెట్టింగులు. నూట నలభై మూడు ఇళ్లకు రెండు రోజుల నెట్. అందులోనే ఒక క్రికెట్ మ్యాచ్ ఆఖరి ఆరు ఓవర్లు. అరిచి అరిచి మా బావ గొంతు, ఒక పూట. చివరికి పదకొండు కనెక్షన్లు, పోటీ కేబుల్ వాళ్ల దగ్గరికి.

కవిటిలో మా అక్క భర్తది కేబుల్ ఆఫీసు. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు తూకాలు రాసి మానేశాక నేను అక్కడ చేరాను. ఎనిమిది పోర్టుల నుంచి ఇళ్లకు నెట్ పంచే పెట్టెతో వచ్చిన ఇంగ్లిషు పుస్తకాన్ని నాకు నేనే చదువుకున్నాను. కమాండ్లు చూపించే పద్ధతి భలే నచ్చింది. లావు అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు కొట్టాలి. వాలు అక్షరాల చోట మన నంబరు పెట్టాలి. ఫ్లవర్ బ్రాకెట్లో నిలువు గీతలతో విడదీసిన వాటిలో ఒకటి తప్పకుండా ఎంచుకోవాలి. చదరపు బ్రాకెట్లో ఉన్నది పెట్టినా సరే, మానేసినా సరే.

ఆ ఆఖరిదే నన్ను ముంచింది. ఫ్యాక్టరీ పుస్తకంలో బ్రాకెట్లో రాసిన అంకెను మొత్తంలో కలిపేవాళ్లం కాదు, ఊరికే గుర్తుకోసం. ఒక ఆదివారం సాయంత్రం మూడో పోర్టు మీదున్న పద్దెనిమిది ఇళ్లకు నెట్ నత్తనడక నడుస్తోంది. దాని సెట్టింగులు తుడిచేసి మళ్లీ రాద్దామని కూర్చున్నాను. తుడిచే కమాండ్ చివర పోర్టు నంబరు చదరపు బ్రాకెట్లో ఉంది. మూడో పోర్టు వివరాలే తెరమీద ఉన్నాయి కదా, పెట్టెకు తెలుసులే అనుకుని నంబరు వదిలేశాను.

పెట్టె మీద పోర్టుకొకటిగా ఉన్న ఎనిమిది పచ్చ దీపాలూ ఒక్కసారే ఆరిపోయాయి.

"ఏటి బాబూ, ఆరోవర్లే ఉన్నాయి, ఇప్పుడే పీకేసినారేటి!" అని మొదటి ఫోను. రెండోది ఎత్తేలోపే బావ పరిగెత్తుకొచ్చాడు.

"ఏటి సేసినావురా?"

"బ్రాకెట్లోది అక్కర్లేదని పుస్తకమే సెప్పింది బావా."

బావ పుస్తకం లాక్కుని కింది లైను మీద వేలు పెట్టాడు. "నంబరియ్యకపోతే అన్ని పోర్టులకీ అని రాసినాడు. లెక్కలోడివి గదా, కింద లైను సదవ్వేటి?"

"సదివినాను గానీ..."

"సదివి మరీ సేసినావా! ఇంకా మంచిది."

ప్రతి ఇంటి వివరాలూ నా నోటు పుస్తకంలో ఉన్నాయి కాబట్టి రెండు రోజుల్లో అన్నీ తిరిగి ఎక్కించాను. మూడో రోజు బావ పాస్‌వర్డ్ మార్చేశాడు. "పోయిన పదకొండిళ్లూ తెచ్చీవరకూ పెట్టె ముట్టుకోకు" అన్నాడు. అప్పటినుంచి నా పని నిచ్చెన, వైర్లు. పుస్తకం మాత్రం రోజూ చదువుతాను, కింది లైన్లతో సహా.

ఆదివారాలు ఆ ఇళ్లకు వెళ్తున్నాను. కొబ్బరినీళ్లు ఇచ్చి "సూద్దాంలే బాబూ" అని పంపేస్తారు. అలా తిరిగి తిరిగి ఏడు రప్పించాను. ఇంకా నాలుగిళ్లు బాకీ.