క్యాసెట్ తిరగేసే వేళ

మా మామ పోయిన కబురు నాకు స్కూలు గేటు దగ్గర తెలిసింది. ఆయన నడిపే పసుపు వ్యాన్ కోసం నేను నిలబడి ఉంటే అమ్మ మోటారుబండి మీద వచ్చింది. హెల్మెట్ కూడా తియ్యలేదు. "మామ పోయినాడే. ఎక్కు," అంది. అంతే.

మలేషియాలో మా ఊరు సుంగై పెటానిలో పిల్లలకి ఆయన స్కూల్ వ్యాన్ అంకుల్. ఇప్పుడు పొట్టలొచ్చి జుట్టు పల్చబడిన వాళ్ల నాన్నలకి మాత్రం, ఒకే ఒక్క క్యాసెట్ తెచ్చిన ర్యాప్ గుంపులో ముందు నిలబడ్డ కుర్రాడు. అమ్మకి తమ్ముడు. ఆయన దాచుకున్న సంగతి ఒకటి నా దగ్గర ఉంది. నేను దాచుకున్నది ఆయన దగ్గర ఉండేది.

చాలా ఏళ్లు ఆ పాటల్ని ఎవరూ అడగలేదు. ఉన్నట్టుండి అందరూ అడగడం మొదలుపెట్టారు. క్యాసెట్టులో ఉన్న వరసలోనే, మొదటి పాట నుంచి చివరిదాకా, స్టేజి మీద పాడాలి. ఒక్క పాట అటూ ఇటూ మార్చినా ఒప్పుకునేవాళ్లు కాదు. పాటలన్నీ తమిళమే. రెండో వైపు మొదటి పాటలో మాత్రం కొంచెం తెలుగు ఉంటుంది. అమ్మమ్మ ఆయన్ని తిట్టిన తిట్లనే తాళానికి పేర్చాడు. "ఏటిరా నీ వాగుడు, ఎవులెడతారు కూడు" అని మొదలవుతుంది. అర్థం తెలియకపోయినా హాలు హాలంతా గొంతెత్తి తిట్టేది. "సూడే, మీ అమ్మమ్మకి ఎంతమంది మనవలో," అని మురిసిపోయేవాడు.

వ్యాన్‌లో ఆఖరున దిగేది నేనే. మిగతా పిల్లలు దిగిపోయాక ఆయన సాధన చేసేవాడు. పొడుగు వరసల చివర ఊపిరి అందేది కాదు. ఒకరోజు ఆయన ఆగిపోయిన చోట, వెనక సీటులోంచి నేను ఆ ఆఖరి మాట అనేశాను. అద్దంలో నన్ను చూశాడు.

"మళ్లీ అను."

"ఏం లేదు మామా."

"నా ఊపిరి నీ దగ్గరెట్టుకుని ఏం లేదంటావేటే?"

క్లాసులో లేచి చదవమంటే పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుంటాను. నలుగురు చూస్తుంటే నాకు భయం. ఎందుకని ఆయన ఎప్పుడూ అడగలేదు. "ఐతే తెర ఎనక నిలబడు. నిన్నెవులు సూస్తారు?" అన్నాడు. అలా ప్రతి షోలోనూ పక్క తెర చాటున, మైకు పట్టుకుని, ఆయన వదిలేసిన చివరి మాటల్ని అందుకున్నాను. నేను టీషర్టులు అమ్మే బల్ల దగ్గర కూర్చుంటున్నానని అమ్మ అనుకునేది.

మొదటి వైపు పాటలు అయిపోగానే మామ చెయ్యెత్తి, "తిరగెయ్యండి!" అనేవాడు. జనమంతా, చేతిలో లేని క్యాసెట్టుని గాల్లోంచి తీసి, తిప్పి, మళ్లీ పెట్టి, చప్పుడు లేకుండా నిలబడేవాళ్లు. పాతరోజుల సరదా అనుకునేవాళ్లు. ఆ కాసేపూ ఆయన తెర వెనక నా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూలబడి, మోకాళ్ల మీద చేతులు ఆనించి, ఊపిరి కోసం తంటాలు పడేవాడు. నీళ్ల సీసా ఇస్తే ముందు నన్ను తాగమనేవాడు.

"బయం పోవాలనుకోకే అమ్మీ. నాకూ పోనేదు. ఊపిరి తీసుకో, ఎల్లు. అంతే."

కర్మ అయ్యాక గుంపులో మిగిలిన ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. ముందే ఒప్పుకున్న షో ఒకటి ఉంది. మామ భాగానికి పాత రికార్డు వెయ్యాలా, అసలు షోయే మానెయ్యాలా అని అమ్మని అడిగారు. వాళ్లలో పెద్దాయన తమిళాయన. మామ దగ్గర నేర్చిన తెలుగులో, "తెర ఎనక ఒక గొంతు ఉంది కదమ్మా," అని నా వైపు చూశాడు.

టీ గ్లాసులు పట్టుకున్న అమ్మ ఆగిపోయింది. "ఎవుల గొంతు?"

నేను చెయ్యి కొంచెం పైకెత్తాను.

"ఏటే, నువ్వా? మరి టీషర్టులు ఎవులమ్మినారు?"

మామ పోయాక మా ఇంట్లో నవ్వు వినపడింది అప్పుడే. నవ్వుతూ నవ్వుతూ అమ్మ మళ్లీ ఏడ్చింది. కళ్లు తుడుచుకుని, "మాయమ్మ తిట్లు రికార్డులో వద్దు. నువ్వే తిట్టు," అంది.

మొన్నటి షోలో మొదటి వైపు వాళ్లిద్దరే లాక్కొచ్చారు. చివర్లు నేను తెర వెనక నుంచే అందుకున్నాను. పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. మొదటి వైపు అయిపోయింది. ఇక రెండో వైపు మొదటి పాట. ముందుకు వెళ్లాల్సింది నేను. ఖాళీ కుర్చీని పట్టుకుని నిలబడ్డాను. తిరగెయ్యమని చెప్పే మనిషి లేక హాలంతా నిశ్శబ్దం.

ఊపిరి తీసుకున్నాను. తెర తొలగించి అడుగు బయటపెట్టాను.

ఎవరూ చెప్పకుండానే చేతులు లేచి ఉన్నాయి. వందల చేతులు, లేని క్యాసెట్టుని మెల్లగా తిప్పుతున్నాయి. ముందు వరసలో ఒక బట్టతల అంకుల్ కళ్లు మూసుకుని తిప్పుతున్నాడు. ఆయన పక్కన చిన్నపిల్ల, క్యాసెట్టు అంటే ఏమిటో చూసి కూడా ఉండదు, నాన్న చేతిని చూసి తన అరచేతినీ తిప్పింది. తిప్పినదాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, చెయ్యి అలాగే పైకెత్తి ఉంచి, నా వైపు చూసింది.