ఇరవయ్యో సెకను

1998లో మా ఊరి బియ్యం మిల్లు కబడ్డీ జట్టు ఆడిన మ్యాచ్‌లు ఏడు. మొదటిది ఫిబ్రవరి మొదటి ఆదివారం, చివరిది మార్చి నాలుగో ఆదివారం. ఏడింటికీ స్కోరు పుస్తకం రాసినవాణ్ణి నేనే కనుక ఈ వివరాల్లో జ్ఞాపకం మీద ఆధారపడవలసిన అవసరం నాకు లేదు. కాలువ గేజీ దగ్గర నీటిమట్టాలు నమోదు చేస్తూ ఇరవై ఎనిమిదేళ్ళు ఉద్యోగం చేసి, అంతకుముందు సంవత్సరమే విరమించాను. చేతికి మళ్ళీ ఏదో ఒక పట్టిక దొరికినందుకు సంతోషించాను.

లీగులో ఏడు జట్లు. ప్రతి జట్టూ మిగతా ఆరింటితో ఒక్కోసారి ఆడాలి, పైనున్న రెండూ ఫైనల్‌కు వెళ్ళాలి. ఆటగాళ్ళందరూ ఆయా మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో పనివాళ్ళే. మా కెప్టెన్‌కు ముప్ఫై రెండేళ్ళు. ధాన్యం మర ఆడే నెలల్లో మాత్రమే అతనికి పని ఉండేది, మిగతా నెలల్లో ఏ పని దొరికితే అది. సీజను మొదలయ్యే ముందు మేనేజరు యజమాని మాటగా అందరి ముందూ చెప్పాడు.

“కప్పు తెస్తే లారీలు తూచే కాటా దగ్గర పర్మనెంటు పోస్టు నీదేనయ్యా. తేకపోతే వచ్చే ఏడు జట్టూ ఉండదు, నీ పని సంగతీ నేను చెప్పలేను.”

“ఆయ్, అలాగేనండి,” అన్నాడు కెప్టెన్.

మొదటి మ్యాచ్ 22–23తో పోయింది. రెండోది 25–26తో పోయింది. రెండూ ఒక్క పాయింటు తేడాయే, రెండింటికీ కారణం కూడా ఒక్కటే. కూతకు వెళ్ళినవాడు ఊపిరి విడవకుండా “కబడ్డీ, కబడ్డీ” అనాలన్నది నిబంధన. వేరే మాట అంటే కూత చెల్లదు, పాయింటు అవతలి జట్టుకు పోతుంది. మా కెప్టెన్ రెండు మ్యాచ్‌ల్లోనూ చివరి నిమిషాల్లో “చెడుగుడు” అన్నాడు. రిఫరీ విన్నాడు. జనం నవ్వారు.

“ఏంటిరా బావా, గోదారి లంకలో ఆడుతున్నాననుకున్నావా?” అని మా జట్టులో ఒకడు వేళాకోళం చేశాడు.

కెప్టెన్ నవ్వలేదు. నా పక్కన కూర్చుని, “నాకు తెలీకుండానే వచ్చేస్తందండి బాబాయిగారూ. చిన్నప్పుడు ఇసకలో ఆడిందంతా ఆ మాటతోనే కదండి. ఊపిరి తగ్గేసరికి నోరు అటెళ్ళిపోతంది,” అన్నాడు.

“ఎంత తగ్గేసరికి?” అని అడిగాను.

“అదెవరు చూశారండి?”

ఎవరూ చూడలేదు కనుక నేను చూడదలచాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఐదు సాయంత్రాల అభ్యాసంలో స్టాప్‌వాచీ పట్టుకుని గీత పక్కనే కూర్చున్నాను. అతను అరవై నాలుగు కూతలు పెట్టాడు. పదకొండుసార్లు మాట జారింది. ఆ పదకొండులో ఒక్కటి కూడా ఇరవయ్యో సెకనుకు ముందు లేదు. ఆ లెక్కను మూడుసార్లు సరిచూసుకున్నాను. వరద కాలంలో గేజీ అంకెలు గంట గంటకూ పెరుగుతున్నప్పుడు కూడా ఏ అంకెనూ అన్నిసార్లు సరిచూడలేదు.

“పదిహేడో సెకనుకు పుస్తకం పైకెత్తుతాను. అది కనిపించగానే వెనక్కి వచ్చెయ్యి, పాయింటు వచ్చినా రాకపోయినా,” అన్నాను.

తరవాతి నాలుగు మ్యాచ్‌లూ గెలిచాం. పుస్తకం ఎత్తినప్పుడల్లా అతను తిరిగి వచ్చాడు. ఒక్క “చెడుగుడు” కూడా వినబడలేదు. పట్టికలో రెండో స్థానం మాదయింది. మిల్లు గేటు దగ్గర బస్తాలు మోసేవాళ్ళు సైతం నన్ను ఆపి, “ఫైనల్‌కి పుస్తకం మర్చిపోకండేం,” అనడం మొదలుపెట్టారు.

ఫైనల్ నరసాపురంలో, ఒక చక్కెర ఫ్యాక్టరీ జట్టుతో జరిగింది. సాయంత్రం నాలుగున్నరకు మొదలైంది. చివరి కూత వచ్చేసరికి స్కోరు 27–28. మేము ఒకటి వెనక ఉన్నాం. అవతల ముగ్గురే మిగిలారు. ఒకరిని తాకి వస్తే సమానం, ఇద్దరిని తాకి వస్తే కప్పు మాది. కెప్టెన్ గీత దాటాడు.

ఎడమ మూలనున్నవాడి భుజం తగిలింది. తిరిగొస్తే సమానం. మావాళ్ళు “వచ్చెయ్, వచ్చెయ్,” అని అరుస్తున్నారు. అతను ఒక్కసారి నావైపు చూశాడు, మళ్ళీ ముందుకే వెళ్ళాడు. రెండోవాడు అతని చీలమండ పట్టేశాడు. ఇద్దరూ నేలమీద పడ్డారు. కెప్టెన్ మోచేతులతో మట్టిని తవ్వుకుంటూ గీతవైపు జరుగుతున్నాడు. రిఫరీ మోకాళ్ళ మీద కూర్చుని అతని నోటి దగ్గర చెవి పెట్టాడు. అంత జనంలో గుసగుస వినబడేంత నిశ్శబ్దం. “కబడ్డీ... కబడ్డీ... కబడ్...” ఆ మాట సన్నబడింది గాని మారలేదు. మధ్యవేలు గీత దాటింది. విజిలు మోగింది. రిఫరీ రెండు వేళ్ళు ఎత్తాడు. 29–28.

అప్పుడు గమనించాను, నేను నిలబడి ఉన్నాను. అంతకుముందు ఆరు మ్యాచ్‌ల్లో ఒక్కసారి కూడా లేచి నిలబడలేదు. పుస్తకం నా కాళ్ళ దగ్గర పడి ఉంది. వాచీలో సున్నాలు. మీట నొక్కనే లేదు.

కెప్టెన్ దుమ్ముతో వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. “మీరు పుస్తకం ఎత్తలేదు కాబట్టి ఇంకా టైముందనుకున్నానండి. అందుకే రెండోవాడి మీదకెళ్ళాను. ఎన్ని సెకన్లయిందండి?”

“తెలియదు,” అన్నాను.

“తెలీదా? మీకా?”

“ఒరేయ్, బాబాయిగారు కూడా ఊపిరి బిగబట్టేశార్రా,” అన్నాడు ఆ వేళాకోళం చేసేవాడు.

ఇరవై ఐదు సెకన్లని ఒకరు, ముప్ఫై అని ఒకరు, నిమిషమని మరొకరు చెప్పారు. కొలవని అంకెను నేను ఎక్కడా రాయను.

మరునాడు మేనేజరు యజమానికి చూపించడానికి నా పుస్తకం అడిగాడు. కళ్ళజోడు సర్దుకుని ఒక్కో పేజీ తిప్పి, చివరి పేజీలో ఆగాడు.

“సెకన్ల గడి ఖాళీగా ఉందేంటండి? మీ పుస్తకంలో ఖాళీ ఉండదే.”

“అప్పుడు నేను ఆట చూస్తున్నానండి,” అన్నాను.

ఆయన పుస్తకం మూసి, ముందుగానే టైపు చేయించి పెట్టిన కాగితాన్ని సొరుగులోంచి తీశాడు. కెప్టెన్‌ను పిలిపించి అతని చేతికే ఇచ్చాడు. అతను నిలబడే రెండుసార్లు చదివి, “డ్యూటీ ఇవాళే ఎక్కమంటారాండి, రేపా?” అని అడిగాడు.

“బయట నాలుగు లారీలు ఆగున్నాయి కదయ్యా,” అన్నాడు మేనేజరు.

కెప్టెన్ కాటా వైపు పరుగెత్తాడు. అప్పుడు ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు.