పులుసు చట్టి బిళ్ళ

నిన్న మధ్యాహ్నం కొరియర్‌లో అగ్గిపెట్టెంత డబ్బా వచ్చింది. తెరిస్తే దూది పొరల మధ్య రూపాయి బిళ్ళకంటే చిన్నదైన నల్లటి మట్టి బిళ్ళ. పంపింది మా అక్క మనవరాలు, చెన్నైలో పరిశోధన ముగించిన పిల్ల. అలవాటుగా డైరీ తీసి పార్సెలు అందిందని రాయబోయాను. కలం కదలలేదు. ఆ బిళ్ళ ఏ చట్టిలోదో నాకు తెలుసు. ఆ చట్టి పగిలినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

మా అక్కను బోగోలు దగ్గర సముద్రం ఒడ్డు పల్లెలో ఇచ్చారు. వేట మీద బతికే ఇల్లు. అక్క అత్తగారు పోయేముందు ఆమెకు అప్పగించిన ఆస్తి ఒక్కటే, చేపల పులుసు చట్టి. రెండు తరాల నూనె, చింతపండు, మామిడికాయ పులుపు తాగి అది నల్లరాయిలా నిగనిగలాడేది. అందులో కాచిన వంజరం పులుసును అక్క మర్నాడు గానీ ముట్టుకోనిచ్చేది కాదు. చట్టిని తోమే అధికారం కూడా ఇంకెవరికీ లేదు. ఒకసారి మా బావ దాన్ని పొయ్యి మీద నుంచి దించబోతే, తానెన్నడైనా ఆయన పడవ మీద చెయ్యి వేసిందా అని అడిగిందట. ఆయన ఈ మాట ఊరంతా చెప్పి నవ్వేవాడు గానీ, చట్టి జోలికి మాత్రం మళ్ళీ పోలేదు.

మనవరాలి చదువు మట్టిలో వేడి ఎలా పాకుతుందో కొలవడం. బిళ్ళకు నల్లపూత పూసి, ఒక వైపు లేజరు కాంతిని మెరుపులా కొడతారు. వెనక వైపుకు ఆ వేడి ఎంతసేపటికి చేరిందో యంత్రం చూస్తుంది. ఆ పిల్ల వివరించినప్పుడు అక్క చేపలు కోస్తూ తల ఎత్తకుండానే, "మంట పెడితే చట్టి కాలతది. దానికి చెన్నై దాకా పోవాల్నా మే?" అన్నది. కొత్త చట్ల కొలతలన్నీ అయ్యాయి. ఏళ్ళ తరబడి వాడిన చట్టి ముక్క లేకపోతే పోల్చి చూపలేనని, ఇన్నేళ్ళ పని సగంలో నిలిచిపోతుందని ఆ పిల్ల దిగులు. విడవలూరు దాకా తిరిగింది. వాడుతున్న చట్టిని ఎవరిస్తారు? పగిలిందా, పెంకులు ఇంట్లో ఉంచకూడదని ఆ పూటే ఊరి బయట పారేస్తారు. చివరికి భయపడుతూనే, అంచున రూపాయి బిళ్ళంత కోసుకుంటానని అవ్వను అడిగింది.  ఆ సాయంత్రమే అక్క చట్టిని బియ్యం డ్రమ్ములో దాచింది. చుట్టంచూపుగా వెళ్ళిన నేను అది చూశానని ఆమెకు తెలియదు. నేను లోలోపల నవ్వుకున్నాను.

మర్నాడు ఆ పిల్ల బస్సుకు బయలుదేరుతోంది. మేమిద్దరం వసారాలో ఉన్నాం. అక్క లోపలి నుంచి చట్టిని రెండు చేతులా పట్టుకొచ్చింది. పొంగలి గిన్నెను తెచ్చినట్టు తెచ్చింది. కొంగుతో ఒకసారి తుడిచింది. రుబ్బురోలు మీదికి ఎత్తి వదిలేసింది.

ఆ చప్పుడుకు పిల్ల సంచి జారిపోయింది. నేను లేచి నిలబడ్డాననుకున్నాను, తర్వాత చూసుకుంటే కూర్చునే ఉన్నాను. ఆ పిల్ల పెంకుల ముందు కూలబడింది. "అంచున కొంచెం చాలన్నాను గదా అవ్వా."

"అంచు పోయిన చట్టి పొయ్యెక్కదు మే. యాడనో మిషను కింద కోయించే బదులు నా చేత్తో పోనీ."

నేను ఏదో అనబోయాను. అక్క నా వైపు తిరిగింది. "అబ్బయా, చట్టి పోతే చట్టి వస్తది. దాని చదువు సగంలో ఆగితే నువ్వు తెచ్చిస్తావా?"

పెంకులన్నీ తానే ఏరి, తన పాత చీర ముక్కలో మూటగట్టి, మనవరాలి ఒళ్ళో పెట్టింది. ఆ పిల్ల ఏడ్చింది. అక్క ఏడవలేదు. ఆ రోజు ఇంట్లో పులుసు కాచలేదు. ఇప్పుడు కొత్త చట్టిలో కాస్తుంది, తిన్న ప్రతిసారీ ఆ చట్టిని తిడుతుంది.

ఆ మెరుపు తగిలాక వేడి ఈ బిళ్ళను దాటడానికి ఒకటీ రెండూ అనేంత సేపు చాలునని ఆ పిల్ల నిన్న ఫోనులో చెప్పింది. వసారాలో పగిలిన ఆ చప్పుడు మాత్రం ఇన్నాళ్ళయినా నాలో ఆవలి వైపుకు ఇంకా చేరలేదు.