ఆరు తీగలు ఒక్కసారి మోగవు

మా కీబోర్డు సార్ పోయారన్న కబురు బడిలో ప్రార్థన జరుగుతుండగా వచ్చింది. జూలూరుపాడులో ఒక ప్రైవేటు బడిలో నేను పాటల టీచర్ని. ఫోన్ చేసింది సార్ భార్య. ఆమెను నేను అమ్మ అనే పిలుస్తాను. "మీ సారు పోయిండు బిడ్డా. దవాఖాన నుంచి ఇంటికి తీస్కొస్తున్నం. నువ్వు జల్దీ రా," అంది.

నేను సత్తుపల్లి చేరేసరికి వాకిట్లో టెంటు వేశారు. సార్ తలాపున కీబోర్డు పెట్టుకుని, ఎవరో ఆర్కెస్ట్రా ఆయన నివాళి పేరుతో గిటార్ శబ్దం వాయిస్తున్నాడు. తాళం యంత్రమే కొట్టుకుంటోంది. మూడు వేళ్ళు ఒక్కసారే దిగబడుతున్నాయి. కాలు పెడల్ మీద నుంచి లేవడం లేదు. ఒక స్వరం మీద ఇంకో స్వరం పేరుకుని మురుగులా నిలిచిపోతోంది. ఏడుపు రావలసిన చోట నాకు కడుపులో తిప్పింది. వెళ్ళి గోడవారగా నిలబడ్డాను. చావింట్లో ఏవగింపు కలగడం తప్పో కాదో నాకు తెలియదు. కానీ ఆ ఏవగింపు నాకు నేర్పింది, అక్కడ పడుకోబెట్టిన మనిషే.

సార్‌ది లేత్ మిషన్ షాపు. వయసులో ఉన్నప్పుడు పెళ్ళిళ్ళలో గిటార్ వాయించేవారట. ఒకనాడు షాపులో బెల్టు లాగేసి ఎడమచేతి వేళ్ళు రెండు పోయాయి. తీగలు నొక్కే వేళ్ళు అవి. ఆయన గిటార్ వాయించగా నేను ఎన్నడూ వినలేదు. నేను నేర్చుకోవడానికి వెళ్ళేనాటికే ఆయన పోయిన గిటార్‌ను కీబోర్డులో వెతుక్కుంటూ, దొరికినదాన్నల్లా అసహ్యించుకుంటూ ఉండేవారు.

మొదటి రోజు నేను గిటార్ శబ్దం ఎంచుకుని ధైర్యంగా ఒక పాట మొదలుపెట్టాను. రెండు వరుసలైనా కాలేదు.

"ఛీ! ఆపు. ఏంది గది?"

"గిటార్ సార్."

"గిటారా? రేకుల మీద కంకర పోసినట్టుంది."

లోపలికి వెళ్ళి పాత గిటార్ తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. చెయ్యి పైనుంచి కిందికి మెల్లగా దించమన్నారు. "ఇన్నవా? ఆరు తీగలు ఒక్కసారి మోగుతయా? ముందుగాల మందం తీగ, ఆఖరికి సన్నం తీగ. చెయ్యి నడుస్తది బిడ్డా. నువ్వేమో అన్ని మెట్లు ఒక్కపాలి గుద్దుతున్నవ్."

పదిహేను రోజులు నన్ను కీబోర్డు ముట్టనివ్వలేదు. నా మెత్తటి వేళ్ళు తీగలకు కోసుకుపోయి మంట పుట్టాక, "ఇప్పుడు కూసో," అన్నారు. అప్పటినుంచి ఒక్కొక్కటీ చెప్పారు. చెయ్యి కిందికి వచ్చినప్పుడు కింది స్వరం నుంచి పైకి, కంటికి కనిపించనంత ఎడంతో, ఒకదాని వెనుక ఒకటి జార్చాలి. చెయ్యి పైకి పోయినప్పుడు సన్నని తీగలు రెండో మూడో తగులుతాయి, అంతే. స్వరాలను పక్కపక్కనే ఇరికించకూడదు, గిటార్ మీద చెయ్యి పట్టినంత దూరంగా పరచాలి. కీబోర్డు పక్కన ఉండే, స్వరాన్ని వంచే చక్రాన్ని పైకే తిప్పాలి, ఎందుకంటే నొక్కిన తీగను పక్కకు లాగితే స్వరం పెరుగుతుందే కానీ తగ్గదు. పెడల్ జోలికి పోకూడదు. ఒక పట్టు నుంచి ఇంకో పట్టుకు మారేటప్పుడు రవ్వంత ఖాళీ ఉండాలి.

ఆ ఖాళీ దగ్గర నేను నెలల తరబడి తప్పాను. "తీగ వదలకుంట చెయ్యెట్ల మారుతది? ఆ వదిలిన జాగ ఏది? ఛీ!" అంటూ కిటికీలోంచి ఉమ్మడానికి లేచేవారు. నిజంగానే ఉమ్మేవారు. కీబోర్డులో గిటార్ అబద్ధమే, ఆ అబద్ధమైనా ఒళ్ళు వంచి చెప్పాలన్నది ఆయన మాట.

ఒక మధ్యాహ్నం నేను వాయించడం ముగిశాక ఆయన ఉమ్మడానికి లేవలేదు. అమ్మ తెచ్చిన చాయ్ అందుకుని, "ఇయ్యాల కడుపుల తిప్పలే," అన్నారు. నాకు దక్కిన మెచ్చుకోలు అదొక్కటే.

ఆ విద్యతో నేను సత్తుపల్లిలో ఒక ఆర్కెస్ట్రాలో చేరాను. అందులో గిటార్ వాయించే ఆయనను అందరం అన్న అనేవాళ్ళం. సార్ ఒకప్పుడు పెళ్ళిళ్ళకు వెంట తిప్పుకుని నేర్పిన మనిషి. అడవి అంచున ఉన్న పల్లె నుంచి బస్సులో వచ్చేవాడు. తిరుమలాయపాలెంలో ఒక పెళ్ళికి జ్వరమొచ్చి రాలేకపోతే, ఆయన పాటలన్నీ నేను కీబోర్డు మీద లాగించాను. ఎవరికీ తేడా తెలియలేదు. ఆర్కెస్ట్రా ఓనరు మురిసిపోయాడు. "ఇంక ఆయన దేనికండీ మేడమ్? వ్యాన్లో చోటు కూడా మిగులుద్ది," అన్నాడు. అన్నను రావద్దని చెప్పేశాడు.

నాకు గర్వమనిపించింది. అది రాయడానికి ఇవాళ చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను. ఆ గర్వంతోనే సార్ దగ్గరికి పోయి చెప్పాను.

"మరి అన్నేడున్నడు?" అన్నారు సార్.

"రావొద్దన్నరు సార్."

"ఛీ," అన్నారు. ఈసారి ఆయన చూసింది కీబోర్డును కాదు, నా ముఖాన్ని. "చెయ్యి పోయినోనికి తొవ్వ దొరికిందనుకున్న. చెయ్యి ఉన్నోని చెయ్యి నరకనీకి నేర్పిన్నా నీకు?"

లేచి లోపలికి వెళ్ళిపోయారు. చాలాసేపటికి అమ్మ వచ్చి, "ఇంటికి పో బిడ్డా," అంది.

మర్నాడే ఓనరును అడిగాను, అన్న వస్తేనే నేనూ వస్తానని. "అయితే మీరూ మానెయ్యండి. బటన్ నొక్కితే గిటార్ వస్తది, ఎవరైనా నొక్కుతారు," అన్నాడు. మానేశాను. అన్న ఊరు వెతుక్కుంటూ పోయాను. పామాయిల్ తోటలో గెలలు కోస్తున్నాడు. అరచేతులు ముళ్ళు గీరుకుని ఎర్రగా ఉన్నాయి.

"గిటార్ అమ్మేసిన చెల్లే," అన్నాడు నవ్వుతూనే. "నీ మీద కోపం లేదు. ఆ పెళ్ళిల నువ్వు వాయించింది ఎవరో ఫోన్ల చూపెట్టిన్రు. నేను వాయించినట్టే ఉండె. అచ్చం నా చెయ్యే."

ఏ బూతు తిట్టినా అంత రోత పుట్టేది కాదు నా మీద నాకు. తిరుగు బస్సులో నా వేళ్ళను చీర కొంగులో దాచుకుని కూర్చున్నాను.

అన్న మళ్ళీ ఆర్కెస్ట్రాకు రాలేదు. సార్ గడప తొక్కడానికి నాకు మూడు నెలలు పట్టింది. జరిగిందంతా చెప్పాను. ఆయన విన్నారు. క్షమించానని అనలేదు. "కూసో. నీ ఎడమ చెయ్యి ఇంకా బరువుగనే ఉన్నది," అన్నారు. ఆనాటి నుంచి బడిలో పిల్లల పాటలకు తప్ప గిటార్ శబ్దం ముట్టుకోలేదు. గిటార్ పట్టే మనిషి ఉన్నచోట అసలే ముట్టను.

పోయిన వారం సార్ను చూడడానికి ఖమ్మం దవాఖానకు వెళ్ళాను. ముక్కూ నోరూ కప్పుతూ ఆక్సిజన్ మాస్కు పెట్టారు. నన్ను గుర్తుపట్టారో లేదో తెలియలేదు. మంచం పక్కన కూర్చుని కాళ్ళు వత్తుతున్నాను. పక్క మంచం వాళ్ళ ఫోన్ మోగింది. గిటార్ రింగ్‌టోను, తీగలన్నీ ఒక్క దెబ్బకే గుద్దినట్టు మోగేది. సార్ కళ్ళు తెరిచారు. మాస్కు కింద ముక్కు చిట్లింది, పెదవి వంకర పోయింది. చేదు కషాయం పోసిన పిల్లాడిలా ముఖం ముడుచుకుని నా వైపు చూశారు. నాకు నవ్వు ఆగలేదు. చూస్తే ఆయనా నవ్వుతున్నారు. ఆ నవ్వుకు మాస్కు తెల్లగా మసకబారింది, తేటపడింది, మళ్ళీ మసకబారింది.