అక్క గొంతు ఎనుక

మా అమ్మకు కంప్రెసర్ అంటే ఫ్రిజ్‌దే. శాలిబండల మా గల్లీ మొదట్ల ఫ్రిజ్‌లు బాగుచేసే దుకాణం ఉంటది, ఆమెకు తెలిసిన కంప్రెసర్ గదొక్కటే. నేను పాటలు రికార్డు చేసెటందుకు ఎనుక అర్రల మైకు పెట్టి, తలుపుకు రజాయి కట్టి, "అక్కా, కంప్రెసర్ జర ఎక్కువైంది" అంటే చాలు, అమ్మ వంటింట్లకు వొయ్యి ఫ్రిజ్ బంద్ చేసొస్తుండె. పాలు పలిగిపోతుండె. నాకు మస్తు కోపమొచ్చేది. అమ్మా, ఇది కంప్యూటర్ల ఉంటది, గట్టిగ పాడినకాడ గొంతును అదిమిపెడతది, తర్వాత మొత్తం సౌండ్ పెంచితే సన్నగ ఉన్నది గూడ పైకొస్తది అని చెప్పిన. "గట్లనా" అని, మళ్ల వొయ్యి బంద్ చేసింది.

ఒకరోజు అక్కతోటి పాడించింది అమ్మ పాటనే, ఆమె పుట్టింట్ల నేర్చుకున్న బోనాల పాట. అక్కకు వరుస సరిగ్గ రాదు. అందుకని ముందు అమ్మతోటి పాడించి, గది హెడ్‌ఫోన్లల్ల ఇనిపించుకుంట అక్కతోటి పాడించిన. దీన్ని మేం గైడ్ అంటం. అసలు గొంతు పడ్డంక గైడ్ చెరిపేసుడు అందరు చేసేదే. అమ్మ గూడ "బొంగురువోయిన గొంతు, ఎవ్వలకు ఇనిపియ్యకు బిడ్డా" అన్నది. చెరిపేసిన.

అమ్మ పోయి ఏడాది కావొస్తుండె. సంవత్సరీకం నాడు గా పాట పెడ్దామన్నది అక్క. పొద్దున్నే చాయ్ తాగి మిక్సింగుకు కూసున్న. అక్క గొంతు పల్లవిల గట్టిగ, చరణంల సన్నగ ఉన్నది. కంప్రెసర్ పెట్టి జర గట్టిగనే అదిమి, సౌండ్ పెంచిన. అక్క ఊపిరి తీసుకునే సందుల ఇంకో గొంతు ఇనవడ్డది.

గది అమ్మ గొంతు. అన్నీ బంద్ చేసి వాకిట్ల నిలవడ్డ. భయమైంది, దాసుడెందుకు. అమ్మంటే భయమేందిరా అని నన్ను నేనే తిట్టుకొని మళ్ల లోపలికి వొయిన.

దయ్యం గాదు, ఏం గాదు. అక్కకు హెడ్‌ఫోన్లు వదులు. వాటిలకెళ్లి అమ్మ పాడిన గైడ్ బయటికొచ్చి మైకుల పడ్డది. మామూలుగైతే గిసొంటి చప్పుడు సందులల్ల కోసేస్తం. నేను కొయ్యలే. ఇంకింత అదిమిన, ఇంకింత పెంచిన. ఫ్యాన్ చప్పుడు, పక్కింటి కుక్కర్ సీటీ, అన్నీ పైకొచ్చినయి, వాటి నడుమ అమ్మ. పెండ్లి వీడియోలల్ల ఆమె మాట మీద సినిమా పాటలేసిండ్రు. ఫోన్ల ఒక్క ముక్క లేదు. లోకంల ఆమె గొంతు ఇగ గీ సందులల్లనే ఉన్నది.

అక్కను పిలిచి ఇనిపించిన. అమ్మ గొంతు అందుకునేలోపే అక్క గొంతు అడ్డమొస్తుండె.

"నాది తీసెయ్ రా," అన్నది.

"తియ్యరాదక్కా. అమ్మ నీ గొంతులనే పడ్డది. నీది తీస్తే ఆమె గూడ పోతది."

అక్క నోటికి చున్నీ అడ్డంవెట్టుకొని ఏడ్సింది. నేను గూడ ఏడ్సిన.

సంవత్సరీకం నాడు గట్లనే పెట్టినం. అక్క గొంతు నలిగి, చెవులకు కష్టంగనే ఉండె. పాట నడుమ మేనత్త నా దిక్కు వంగి, "రికార్డింగ్ ఖరాబైనట్టున్నది బిడ్డా, ఎనుక ఎవ్వలో గొణుగుతున్నరు" అన్నది. అవునత్తా అని అక్కనే జవాబిచ్చింది, స్పీకర్ దగ్గరికి జరిగి కూసున్నది.