నాకు వచ్చిన టైఫాయిడ్

మీ పిల్లలకు పాఠం చెప్పే మాస్టారు మానసిక వైద్యుడి దగ్గర మందులు వాడుతున్నాడని తెలిస్తే, ఆయన్ని నిన్నటి కళ్లతోనే చూస్తారా? ఒట్టు వేయమని అడగను. ఒట్లమీద నాకు నమ్మకం లేదు. చూడరనే నా అనుమానం.

నేను ఫిజిక్స్ చెబుతాను. చిలకలూరిపేట వైపు, మిరప కళ్లాల మధ్య ఉన్న హైస్కూలు మాది. సెలవురోజుల్లో ఊళ్లు తిరిగి, నాలుకమీద కర్పూరం వెలిగించి, ఇది మహిమ కాదు, కిటుకు అని ఇరవై ఏళ్లు వాదించాను. దయ్యాలు లేవని చూపించడానికి శ్మశానంలో విస్తళ్లు వేసి భోజనాలు పెట్టించాను.

అలాంటివాడికి ఒక ఏడాది బడి గేటు దగ్గర బండి దిగడం చేతకాకుండా పోయింది. పొద్దున్నే హాజరుకు ఫోనుకి మొహం చూపాలి, మరుగుదొడ్ల ఫొటో యాప్‌లో పెట్టాలి, భోజనంలో గుడ్ల ఫొటో పెట్టాలి, తీరిక మిగిలితే పాఠం. కారణం అదొక్కటేనా అంటే చెప్పలేను. వారాల తరబడి సరిగా నిద్ర లేదు. ఒకరోజు తొమ్మిదో తరగతిలో బోర్డుమీద కటకం పటం గీయబోయి అలాగే ఆగిపోయాను. చేతిలో సుద్దముక్క, వెనక పిల్లలు. కళ్లనీళ్లు ఆగలేదు. గంట కొట్టేదాకా వెనక్కి తిరగలేదు.

నా భార్య ఒక్క మాటే అంది. "ఊరందరికీ డాక్టరు దగ్గరికెళ్లమని చెప్తారుగా. మీరూ ఎళ్లండి."

గుంటూరులో తెలిసినవాళ్లు తగులుతారని ఒంగోలు వెళ్లాను, మాస్కు పెట్టుకుని. అక్కడ బల్లమీద కూర్చున్న ప్రతి మనిషీ మా మండలంవాడే అనిపించాడు. డాక్టరు నెల సెలవు తీసుకోమని సర్టిఫికెట్ రాయబోతే వద్దన్నాను. ఆ కాగితం పైన ఆయన ఏ వైద్యుడో అచ్చయి ఉంది మరి. మా ఊళ్లో తెలిసిన డాక్టరు చేత టైఫాయిడ్ అని రాయించుకున్నాను. మైకు ముందు తాయెత్తులు తెంచినవాడు చేసిన పని ఇది.

నెల తర్వాత బళ్లో చేరాను. మందులకు కాస్త ఒళ్లు వచ్చింది. స్టాఫ్ రూమ్‌లో ఇంగ్లీషు మాస్టారు నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"టైఫాయిడొస్తే మనిషి కట్టెపుల్లయిపోవాలి గదండీ. మీరేంటి మాస్టారూ, కొత్తల్లుడిలా తయారయ్యారు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పటినుంచి ఎవరికి తెలుసు, ఎంత తెలుసు అన్నదే నా ధ్యాస. ఇద్దరు గొంతు తగ్గించి మాట్లాడుకుంటే నా గురించే. హెడ్మాస్టరు గారు టీ తాగారా అని అడిగినా అందులో ఏదో మెలిక ఉంది.

ఆ రోజుల్లోనే, నా పక్క కుర్చీలో కూర్చునే తెలుగు మేడం ఎవరూ లేనప్పుడు అడిగింది. "మీ డాక్టరెవరో చెప్పండి మాస్టారూ. నాక్కూడా మీకొచ్చిన టైఫాయిడే వచ్చినట్టుంది."

ఆమె కళ్లకింద నల్లటి చారలు. జవాబుపత్రాల కట్ట వారంగా విప్పలేదు. అన్నీ చూశాను. చూసి కూడా, నా గుట్టు లాగడానికి హెడ్మాస్టరు పంపాడనుకున్నాను.

"రక్తపరీక్ష చేయించుకోండి మేడం" అన్నాను.

ఆమె "అలాగేనండి" అని లేచి వెళ్లిపోయింది.

రెండు నెలలకు, హెడ్మాస్టరు గారు స్టాఫ్ రూమ్‌లో ఉండగా, రాజీనామా ఉత్తరంతో వచ్చింది. ఇంకా పదిహేనేళ్ల సర్వీసు ఉన్న మనిషి. మెడలో కొత్త తాయెత్తు.

"మా అత్తగారు గాలి సోకిందంటున్నారండి. మూడు చోట్లకి తిప్పారు, తగ్గలేదు. పిల్లల్ని చూస్తే చెయ్యి లేస్తోంది. ఎవర్నైనా కొట్టకముందే మానేస్తా."

ఆ తాయెత్తులో నా చెయ్యీ ఉంది. సంచిలోంచి మాత్రల అట్ట తీసి, అందరి ముందూ బల్లమీద పెట్టాను.

"ఏంటండీ అది?" అన్నాడు ఇంగ్లీషు మాస్టారు.

"నా టైఫాయిడండీ. ఒంగోల్లో పిచ్చిడాక్టరంటారే, ఆయనిచ్చాడు."

హెడ్మాస్టరు గారు వెళ్లి తలుపు వేసి వచ్చారు. "ఇవి బయటికి అనే మాటలా మాస్టారూ? పేరెంట్స్ వింటే బడికి చెడ్డపేరు కాదూ?"

తెలుగు మేడం ఆయన వైపు చూడనే లేదు. "ఈ మాట ఆ రోజే చెప్పొచ్చుగా" అంది నాతో. గొంతులో కోపం. ఉత్తరం మడిచి బ్యాగులో పెట్టుకుంది. ఆ శనివారం ఆమె, నా భార్య కలిసి ఒంగోలు బస్సెక్కారు.

ఇప్పుడామె సెలవులో ఉంది. సెలవు కాగితంలో అసలు జబ్బే రాసింది; నాకంటే ధైర్యం గల మనిషి. తిరిగి వస్తుందో రాదో ఇంకా తెలియదు. ఆమెకు దక్కాల్సిన రెండు నెలల వైద్యాన్ని నేను నోరు మూసుకుని మింగేశాను.

నా సంగతా? మాట బయటికి పొక్కి, విద్యార్థుల తండ్రులు ఇద్దరు వచ్చి కిటికీలోంచి నా క్లాసు చూసి వెళ్లారు. ఇంగ్లీషు మాస్టారు నామీద జోకులు మానేశాడు; అదే నాకు ఎక్కువ అనుమానంగా ఉంది. ఉండనివ్వండి.

మీరూ ఉపాధ్యాయులేనా? ఏదో జబ్బు పేరు చెప్పి ఆ మందులే వాడుతున్నారా? అయితే మీ బడిలో కూడా దిద్దని పత్రాల ముందు ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. వాళ్లంతట వాళ్లు అడిగేదాకా ఆగకండి. సోమవారం మొదటి గంట కొట్టకముందే పక్కకు పిలిచి, మీరు ఎవరి దగ్గరికి వెళ్లారో, ఎందుకు వెళ్లారో చెప్పండి. డాక్టరు నంబరు రాసి చేతిలో పెట్టండి.